పంటు ఎక్కినా మనసు కదలడం లేదు, ఎందుకు?

అంతర్వేది తీర్థానికి వెళ్లేటప్పుడు నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటడం చిన్నప్పుడు నాకు అసలు పండగ. ఇంజను మోత, డీజిలు వాసన, రేకు అంచుకు తగిలే నీళ్లు... సఖినేటిపల్లి గట్టు వచ్చేదాకా రెప్ప వేసేవాణ్ని కాదు. ఇప్పుడు ఎరువుల అమ్మకాల పని మీద వారానికి మూడుసార్లు అదే రేవు. తల ఎత్తను, ఫోనులో లెక్కలు చూసుకుంటాను.

రోజూ చూసేదే కదా అని సరిపెట్టుకున్నాను. కానీ పోయిన నెల మొదటిసారి పాపికొండలు వెళ్తే, లాంచీలో కూర్చుని ‘ఇదీ గోదావరే కదా’ అనిపించింది. భయం అక్కడే పట్టుకుంది.

బాగా తిరిగినవాళ్లు చెప్పండి. కొత్త ఊరంటే ఆ ఆత్రం మీకు ఎన్నాళ్లు నిలిచింది? కొన్నాళ్లు ప్రయాణాలు మానేస్తే తిరిగి వస్తుందా? దసరాకు కాశీ టికెట్లు తీయమని ఇంట్లో ఒకటే పోరు.