ఒంగోలు ఇల్లు అమ్మాక నెల్లూరులో కొనాలా, కొన్నాక ఇది అమ్మాలా?

కర్నూలురోడ్డు_సుధ:
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, 160 గజాల్లో సొంతిల్లు, హోమ్ లోన్ ఇంకా కొంచెం మిగిలుంది. మావారికి నెల్లూరు ట్రాన్స్‌ఫర్ అయింది, పెద్దోడు ఇంటర్‌లో చేరాలి కాబట్టి జూన్ కల్లా అందరం మారిపోవాలి, మళ్ళీ ఒంగోలు వచ్చే ఆలోచన లేదు. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. ఆయనేమో ముందు నెల్లూరులో కొనేద్దాం, ఆలస్యం చేసేకొద్దీ రేట్లు పెరుగుతాయి అంటారు, నేనేమో ఇది అమ్ముడుపోకుండా అది ఏం పెట్టి కొంటాం అంటున్నా. అక్కడ చూసింది 60 లక్షల రేంజ్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

దర్గామిట్ట_రాజా:
అక్కా, అన్న చెప్పిందే కరెక్టు. మాగుంట లేఅవుట్, హరనాథపురం వైపు కాగితాలు బాగుండే ఇల్లు ఎప్పుడో గానీ అమ్మకానికి రాదు, వచ్చినప్పుడు పట్టుకోవాల. ఇంకోటి, ఇల్లు అమ్మిన డబ్బు బ్యాంకులో పెట్టుకుని కూర్చుంటే అది నిలవదక్కా. ఒకరికి పెళ్ళంటారు, ఒకరికి ఫీజులంటారు, చేబదులంటారు, సొంతవాళ్ళకి లేదని చెప్పలేం. రెండేళ్ళు తిరిగేసరికి ఇల్లూ ఉండదు డబ్బూ ఉండదు. మా బంధువుల్లోనే అట్ట అయినవాళ్ళు ఉండారు. ముందు కొనండి, ఒంగోలు ఇల్లు నిదానంగా మంచి రేటుకి అమ్ముకోండి.

లోన్_లెక్కలు:
రాజా గారు, మీరు చెప్పేది చేతిలో డబ్బున్నవాళ్ళకి సరిపోతుంది, సుధ గారి లెక్క ఒకసారి వేసి చూడండి. 60 లక్షల ఇంటికి బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం ఇస్తుంది, అంటే 48 లక్షలు, మిగిలిన 12 మన జేబులోంచే. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అదొక నాలుగున్నర లక్షలు. ఈ రేంజ్ ఇంటికి అది లోన్‌లో కలపరు. అంటే పదహారున్నర లక్షలు చేతిలో ఉండాలి, ఇంకా ఒంగోలు లోన్ నడుస్తుంటే రెండు ఈఎంఐలు కట్టాలి, పాత ఈఎంఐ ఉందని కొత్త లోన్ ఎలిజిబిలిటీ కూడా తగ్గిస్తారు. ఈ డబ్బు కోసం బంగారం తాకట్టు పెట్టి, ఒంగోలు ఇంటికి పార్టీ రాక, ఆఖరికి ఎవడెంతంటే అంతకి వదులుకున్నవాళ్ళని ఎంతమందినో చూశాను. అమ్మక తప్పదని కొనేవాడికి తెలిసిందంటే రేటు వాడి చేతిలోకి పోయినట్టే.

పైగా ఒంగోలు మార్కెట్ అన్ని నెలల్లో ఒకేలా ఉండదు. పొగాకు వేలం బాగా నడిచి రైతు చేతికి డబ్బొస్తే, చీమకుర్తి గ్రానైట్ నాలుగు లారీలు కదిలితే పార్టీలు తిరుగుతాయి, అదే ఆషాఢమో మూఢమో వస్తే ఇల్లు చూడ్డానికి కూడా రారు. మీకు కావలసిన నెలలో అమ్ముడుపోతుందని లెక్క వేసుకోవద్దు.

వేదాయపాళెం_లక్ష్మి:
సుధా, నేను కావలి నుంచి నెల్లూరు మారినదాన్ని. ముందు అమ్మాలా ముందు కొనాలా అన్నది పక్కన పెట్టు, ముందు అద్దెకి దిగు. ఊరు తెలియకుండా ఇల్లు కొనొద్దు తల్లీ. 2021 నవంబర్‌లో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళకి పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. ఎండాకాలం వచ్చి చూసిపోయేవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు.

మేము చూసిన ఒక ఇల్లు, కొత్తగా రంగులేసి తళతళా ఉంది, మాకు అన్నీ నచ్చినాయి. మా అత్తమ్మ వెనక వసారాలోకి పోయి గ్యాస్ సిలిండర్ పెట్టే గూడు పక్కకి వంగి చూసింది. అక్కడ రంగు పడలేదు, గోడ మీద మోకాలెత్తున గోధుమరంగు గీత, దాని కింద సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది, తలుపు చట్రం అడుగున చెక్క ఉబ్బింది. స్విచ్చుబోర్డులు మాత్రం మిగతా ఇళ్ళకంటే బాగా ఎత్తులో పెట్టించారు. ఓనర్‌ని అడిగితే పైపు లీకయిందన్నాడు. మేము ఇంకేం మాట్లాడకుండా వచ్చేశాం. అద్దెకుండి ఒక వానాకాలం చూస్తే ఏ వీధి మునుగుతుంది, ఏ బోరు నీళ్ళు తాగొచ్చు అన్నీ తెలిసిపోతాయి.

దర్గామిట్ట_రాజా:
లక్ష్మక్కా, నీళ్ళ సంగతి తెలుసుకోడానికి సంవత్సరం అద్దె కట్టాల్నా? ఆ వీధి చివర బడ్డీ కొట్టాయన్ని, ఇస్త్రీ బండాయన్ని అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తారు. అద్దె ఇల్లంటే అడ్వాన్సు, సామాను రెండుసార్లు మార్చడం, పిల్లోడికి ఇంటర్ మధ్యలో మళ్ళీ ఇల్లు మారడం. ఆ ఖర్చు, ఆ తిప్పలు ఎవరూ లెక్కేయరు.

దస్తావేజుల_మనిషి:
నేను ఈ పని మీదే ఉంటాను కాబట్టి చెప్తున్నా. ముందు అమ్మినా ముందు కొన్నా, ఈ నెలలోనే మీ కాగితాలు సర్దుకోండి సుధ గారూ, బేరం కుదిరాక మొదలుపెడితే అక్కడే రెండు మూడు నెలలు పోతాయి. మీ ఇంటి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, తీసి చూడండి. స్థలం మీ మామగారి పేరు మీద నుంచి వచ్చిందయితే ఆడపడుచుల సంతకాలు ఉన్నాయా లేవా చూసుకోండి, సగం బేరాలు చెడేది అక్కడే. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. లోన్ ఉన్నా అమ్మొచ్చు, బ్యాంకులో బాకీ ఎంతో లెటర్ తీసుకుంటే కొనేవాళ్ళ బ్యాంకు నేరుగా మీ బ్యాంకుకి కట్టి కాగితాలు తీసుకుంటుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందే తీర్చినా పెనాల్టీ లేదు. తీర్చాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చి తీరాలి, వాళ్ళ తప్పు వల్ల లేటైతే రోజుకి 5,000 చొప్పున మీకే కట్టాలి, రిజర్వు బ్యాంకు రూలు ఇది, 2023 డిసెంబర్ నుంచి ఉంది.

నెల్లూరులో కొనేటప్పుడు, మీరు గజాల్లో లెక్క వేసేవాళ్ళు, అక్కడ అందరూ అంకణాల్లో చెప్తారు. అక్కడ అంకణం అంటే 8 గజాలు, 72 చదరపు అడుగులు. అంకణం ఇంత అనగానే ఎనిమిదితో భాగించి గజం ఎంత పడిందో చూసుకోండి, దస్తావేజులో గజాలు రాయించుకోండి, టేపు పెట్టి కొలిపించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టులో, ఉందేమో తప్పనిసరిగా చూడండి. లేఅవుట్‌కి నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా, ఇంటికి ప్లాన్ ఉందా, లింకు డాక్యుమెంట్లు, అంటే ముందు ఓనర్ల పాత దస్తావేజులు, ఎంతవరకు ఉన్నాయి, ఇవన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే ఎవరూ సమాధానం చెప్పరు.

ట్రంక్‌రోడ్_67:
ఇంకోటి ఎవరూ చెప్పలేదు. అమ్మేటప్పుడు గవర్నమెంట్ వాల్యూకి రిజిస్ట్రేషన్ చేసి మిగతాది క్యాష్ తీసుకుంటే టాక్సు గోల ఉండదు, ఇక్కడ అందరూ చేసేది అదే.

లోన్_లెక్కలు:
అన్నా, దయచేసి ఈ సలహా ఇవ్వొద్దు. స్థలం, ఇల్లు అమ్మకంలో 20,000 అంతకుమించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. అది పక్కన పెట్టినా సుధ గారికే నష్టం. ఆ క్యాష్ పట్టుకుని నెల్లూరులో లోన్ మీద ఇల్లు ఎట్లా కొంటారు, మన జేబులోంచి పెట్టే మార్జిన్ మనీ ఎక్కడిదని బ్యాంకు అడుగుతుంది. అసలు ఆమెకి టాక్సు భయమే అక్కర్లేదు. రెండేళ్ళు దాటిన ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీదే పన్ను, అది 12.5 శాతం, 2024 జులై 23కి ముందు కొన్నదయితే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం ప్రకారం పెంచి చూపించి) 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది. ఆ లాభం ఇంకో ఇంట్లో పెడితే అదీ లేదు. కొత్త ఇల్లు, పాతది అమ్మడానికి ముందు ఏడాదిలోపు కొన్నా, అమ్మాక రెండేళ్ళలోపు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా చెల్లుతుంది. రిటర్న్ వేసే గడువు లోపు కొనకపోతే ఆ లాభం మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వేయాలి. రాజా గారు డబ్బు నిలవదన్నారు కదా, ఆ అకౌంట్‌లో వేస్తే ఇంటికి తప్ప వేరే దేనికీ తీయడానికి లేదు, చుట్టాలకి చెప్పడానికి కూడా నిజమైన కారణం ఉంటుంది.

ఇంకా, మీరు కొనే ఇల్లు 50 లక్షలు దాటుతుంది కాబట్టి అమ్మేవాళ్ళకి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టుకుని మీరే గవర్నమెంట్‌కి కట్టాలి. చాలామంది మర్చిపోయి నోటీసు వచ్చాక పరిగెత్తుతారు.

అద్దంకిబస్టాండ్_శీను:
నేనైతే అమ్మొద్దంటాను. అద్దెకిచ్చి ఉంచుకోండి, సొంతూర్లో ఇల్లు లేకపోతే రేపు పండక్కి ఎక్కడ దిగుతారు.

వేదాయపాళెం_లక్ష్మి:
శీనూ, ఆమె తిరిగి రామని చెప్పిందిగా. అద్దెకున్నవాళ్ళు మోటారు కాలిందని ఫోన్ చేస్తే 120 కిలోమీటర్లు ఎవరు పోతారు, ఆ అద్దె ఒక ఈఎంఐలో ఏ మూలకి.

కర్నూలురోడ్డు_సుధ:
అందరికీ చాలా థ్యాంక్స్. మావారికి మొత్తం చదివి వినిపించా, పదహారున్నర లక్షల లెక్క దగ్గర ఆగి మళ్ళీ చదవమన్నారు. ముందు ఇది అమ్మకానికి పెడదామని ఒప్పుకున్నారు. స్థలం మా పేరు మీదే కొన్నది, సంతకాల గొడవ లేదు. ఈసీకి రేపే పెడతాం. ఒకటే అనుమానం, పార్టీ ఇప్పుడే కుదిరి వెంటనే ఖాళీ చేయమంటే పదో తరగతి పరీక్షల మధ్య పిల్లోణ్ణి ఎక్కడికి తీసుకుపోను?

దస్తావేజుల_మనిషి:
అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి సుధ గారూ. రిజిస్ట్రేషన్ గడువు తేదీ, అప్పటికి ఎంత కట్టాలి, కట్టకపోతే అడ్వాన్సు సంగతేంటి, మీరు ఏ తేదీకి తాళాలు ఇస్తారు, అన్నీ. రిజిస్ట్రేషన్ ముందే అయిపోయినా జూన్ దాకా వాళ్ళకి అద్దె కట్టి అదే ఇంట్లో ఉండొచ్చు, దానికి వేరే రెంటల్ అగ్రిమెంట్ రాసుకోండి. సొంతానికి కొనేవాళ్ళు దీనికి మామూలుగా ఒప్పుకుంటారు, వాళ్ళకీ ఆషాఢంలోపు దిగితే చాలు. నోటిమాట మీద మాత్రం ఉండొద్దు.

దర్గామిట్ట_రాజా:
సరే అక్కా, అమ్మకానికి పెట్టండి. కానీ నెల్లూరులో చూడ్డం మాత్రం ఆపొద్దు, ఆదివారాలు ఇద్దరూ వచ్చి నాలుగు వీధులు తిరగండి. ముందు కొనడమే మేలన్న నా మాట మీద నేనుండా. మీ పార్టీ అగ్రిమెంట్ అయి అడ్వాన్సు మీ అకౌంట్‌లో పడ్డ రోజు చెప్పండి, మా వీధిలో అమ్మకానికి ఉండే ఇళ్ళు రెండు నేనే దగ్గరుండి చూపిస్తా, కమీషన్ ఏం వద్దు.