కోడ్ శుభ్రం చేస్తే మోడల్ స్కోరు (ఏయూసీ, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) 0.94 నుంచి 0.87కి పడింది. నేనేం చెడగొట్టాను?

పాతకోడు_కాపలా

మూడు నెలల క్రితం మా టీంలో ఒకాయన మానేసి వెళ్తూ తన ప్రాజెక్టు నాకు అప్పజెప్పారు. పంపులకు బిగించిన సెన్సర్ల నుంచి ఐదేసి నిమిషాలకు రీడింగులు వస్తాయి. వాటిని చూసి వచ్చే 48 గంటల్లో ఏ పంపు మొరాయిస్తుందో చెప్పాలి. లైట్‌జీబీఎం (నిర్ణయ వృక్షాలతో అంచనా వేసే లైబ్రరీ) మోడల్. మోడల్ భాగం నలభై లైన్లు కూడా లేదు, మిగతాదంతా కలిసి 2,300 లైన్ల ఒకే ఫైలు. నోట్‌బుక్‌ను (కోడ్‌ను సెల్స్ అనే ముక్కలుగా నడిపే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి అలాగే వదిలేశారు. సెల్ నంబర్లు ఇంకా కామెంట్లలో కనిపిస్తున్నాయి.

పైలింట్ (కోడ్‌లో లోపాలు ఎత్తిచూపే లింటర్) నడిపితే పదికి 2.1 వచ్చింది, మెసేజ్‌లు వెయ్యికి పైన. అద్దెకు దిగిన ఇల్లు ముందు ఊడ్చుకోవాలి కదా అని మొదలుపెట్టాను.

వాడని ఇంపోర్టులు తీసేశాను. వాటిలో ఒకటి తీయగానే ప్రోగ్రాం లేవనే లేదు. సైకిట్‌లెర్న్ లైబ్రరీలో ఖాళీ విలువలను నింపే ఇటరేటివ్ ఇంప్యూటర్ ప్రయోగ దశలో ఉంది, దాన్ని ఎనేబుల్ చేసే ఇంపోర్టు పైన ఉంటేనే అది దొరుకుతుంది. పేరు ఎక్కడా వాడకపోయినా ఆ లైను ఉండాల్సిందే. లింటర్‌కేం తెలుసు పాపం. తర్వాత "== ఫాల్స్" ఉన్నచోటల్లా "ఈజ్ ఫాల్స్" చెయ్యమంది. చేశాను. టేబుళ్ల లైబ్రరీ పాండాస్ "కీ ఎర్రర్" ఇచ్చింది, మళ్లీ వెనక్కి మార్చాను. ఇవి అరిచి గోల చేశాయి కాబట్టి దొరికాయి.

ఇక ఫీచర్లు (రీడింగుల నుంచి మోడల్‌కు ఇచ్చే కాలమ్స్) తయారుచేసే ఫంక్షన్ మూడు చోట్ల ఉంది: మేక్ ఫీచర్స్, మేక్ ఫీచర్స్ 2, మేక్ ఫీచర్స్ ఫైనల్. ఒక్కోటి 120 లైన్లు, చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నాయి. సర్వీసు (పంపుల మీద అంచనాలు ఇస్తున్న ప్రోగ్రాం) పిలుస్తున్నది "ఫైనల్"ని కాబట్టి అది ఉంచి మిగతా రెండూ తీసేశాను. గ్లోబల్ వేరియబుల్స్‌ను కాన్ఫిగ్‌లోకి, ఇంప్యూటర్‌నూ, విలువలను ఒకే కొలతకు తెచ్చే స్కేలర్‌నూ పైప్‌లైన్‌లోకి మార్చాను. పైలింట్ ఇప్పుడు 9.4 ఇస్తోంది. ఏయూసీ మాత్రం 0.94 కాస్తా 0.87 అయి కూర్చుంది.

మా లీడ్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "పనిచేసేదాన్ని కెలకొద్దు, పాతదే పెట్టెయ్." శుక్రవారం దాకా టైం అడిగాను. 14 కమిట్లు (గిట్‌లో దాచిన మార్పులు) ఉన్నాయి, ఎక్కడ పోయిందో తెలియట్లేదు. ఎక్కడి నుంచి వెతకమంటారు?

వరుసతప్పిన_సెల్

ముందు సీడ్ (ర్యాండమ్ నంబర్లకు మొదలుగా ఇచ్చే అంకె) చూడండి. పాత ఫైల్లో పైన ఒక్కసారే నంపై లైబ్రరీ సీడ్ పెట్టి ఉంటారు. ఫంక్షన్ల వరుస మారితే ఎవరికి ఏ ర్యాండమ్ నంబరు దక్కుతుందో అదీ మారుతుంది, డేటాను నేర్పడానికీ పరీక్షకూ విడదీసే ట్రైన్-టెస్ట్ విభజన కూడా మారిపోతుంది. ఒక్క అక్షరం తప్పు లేకుండా స్కోరు కదలొచ్చు. పాతదీ కొత్తదీ ఐదైదు సీడ్‌లతో నడిపి చూడండి.

పాతకోడు_కాపలా

నడిపాను. పాతది 0.936 నుంచి 0.944, కొత్తది 0.866 నుంచి 0.875. రెండూ ఎక్కడా కలవట్లేదు. సీడ్ కాదు.

నిదానం

స్కోరు చూసుకుంటూ తప్పు వెతకడం మొదలుపెడితే శుక్రవారం కాదు, వచ్చే నెలైనా తెమలదు. అది చిట్టచివర వచ్చే అంకె. 2015లో నిప్స్ అనే ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్) సదస్సులో గూగుల్ ఇంజనీర్లు చూపించిన బొమ్మ గుర్తుందా? చుట్టూ పెద్ద పెద్ద డబ్బాలు, మధ్యలో ఎంఎల్ కోడ్ అని చిన్న నల్ల డబ్బా. మీ నలభై లైన్లు ఆ నల్ల డబ్బా. దాన్ని ముట్టుకోకండి.

పాత కోడ్‌లోనూ కొత్త కోడ్‌లోనూ ఫీచర్ల టేబుల్ మోడల్‌లోకి వెళ్లే ముందు పార్కెట్ ఫైలుగా రాసి దాచండి. రెంటినీ కాలమ్ కాలమ్‌గా పోల్చండి. పాండాస్‌లో "అసర్ట్ ఫ్రేమ్ ఈక్వల్" ఉంది గానీ అది మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది. నేనైతే లూప్ రాసుకుని తేడా ఉన్న కాలమ్స్ అన్నిటి పేర్లూ ఒకేసారి తీస్తాను. పోలికకు "==" వాడకండి, ఖాళీ విలువ ఇంకో ఖాళీ విలువకు సమానం కాదు, అంతా తేడాలాగే కనిపిస్తుంది. "ఈక్వల్స్" వాడండి. కాలమ్స్ తెలిశాక కారణం తెలియకపోతే అప్పుడు గిట్ బైసెక్ట్, అంటే కమిట్లను సగం సగం చేస్తూ తప్పు మొదలైనదాన్ని పట్టడం. 14 కమిట్లకు నాలుగు సార్లు నడిపితే చాలు.

ఈ పద్ధతి నేను తెలివితో నేర్చుకున్నది కాదు. ఒకసారి ట్రైనింగ్‌లో స్టాండర్డ్ డీవియేషన్ పాండాస్‌తో తీశాం, సర్వీసులో నంపైతో. ఏమీ చెప్పకపోతే పాండాస్ ఎన్ మైనస్ 1తో భాగిస్తుంది, నంపై ఎన్‌తో. మా విండో 12 రీడింగులు, అంత చిన్నదాని మీద నాలుగు శాతం పైన తేడా వస్తుంది. రెండు చోట్లా ఫంక్షన్ పేరు "ఎస్‌టీడీ"యే. రెండు వారాలు పోయాయి నావి.

ఇంకో మాట. "చూడ్డానికి మూడూ ఒకేలా ఉన్నాయి" అన్నారు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను. కళ్లతో కాదు, డిఫ్ (తేడాలు చూపే పనిముట్టు) నడిపి చూశారా? ఊరికే ఎవరూ 120 లైన్లు మూడుసార్లు కాపీ చెయ్యరు, ఏదో ఒకటి మార్చడానికే చేస్తారు. పాత కోడ్‌లో ట్రైనింగ్ ఏ కాపీని పిలిచేదో చూడండి.

బైట్_బడాయి

అసలు లింటర్లతో ఎంఎల్ కోడ్ బాగుపడటం నేను చూడలేదండీ. పెద్ద అక్షరం ఎక్స్ పేరు బాలేదంటుంది. ఆర్గ్యుమెంట్లు ఐదు దాటితే గొణుగుతుంది. టార్చ్ లైబ్రరీలో ఉన్న ఫంక్షన్‌ను లేదంటుంది. నేను తీసి పారేశాను, ప్రాణం హాయిగా ఉంది.

నిదానం

పారేయనక్కర్లేదు, నోరు కట్టేస్తే చాలు. పేర్ల గొడవా ఆర్గ్యుమెంట్ల లెక్కా ఆపేసి, నిర్వచించని పేరు, వాడని వేరియబుల్, బయటి పేరునే లోపల మళ్లీ పెట్టుకోవడం ఈ మూడూ ఉంచండి. నోట్‌బుక్ నుంచి వచ్చిన కోడ్‌కు ఈ మూడు జబ్బులూ సహజం. ఎప్పుడో చెరిపేసిన సెల్‌లోని వేరియబుల్ నోట్‌బుక్‌ను నడిపే కెర్నెల్‌లో బతికే ఉంటుంది, ఫైలుగా మార్చాకే అది పోయిన సంగతి తెలుస్తుంది. నేను ఒకసారి స్కేల్ చేసిన టేబుల్ ఒకటి తయారుచేసుకుని, మోడల్‌కు మాత్రం స్కేల్ చెయ్యనిది ఇచ్చాను. పట్టింది "వాడని వేరియబుల్" హెచ్చరికే.

దానికి అందనివీ ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. టార్చ్‌లో అంచనా (ఎన్, 1) ఆకారంలో, లక్ష్యం (ఎన్,) ఆకారంలో ఉంటే తీసివేత చేశాక ఎన్×ఎన్ టేబుల్ వస్తుంది. దాని సగటు ఒక అంకే కాబట్టి లాస్ (తప్పు ఎంతో చెప్పే కొలత) బుద్ధిగా తగ్గుతున్నట్టే ఉంటుంది. టార్చ్ సొంత ఎంఎస్‌ఈ లాస్ అయితే సైజులు వేరని హెచ్చరిస్తుంది, చేత్తో రాసుకున్నవాళ్లకు అదీ లేదు.

పాతకోడు_కాపలా

దొరికింది! బైసెక్ట్ దాకా పోనక్కర్లేకపోయింది.

61 కాలమ్స్‌లో 18 తేడా వచ్చాయి. అన్నీ రోలింగ్ సగటులే (ఒక్కో వరుసకూ దాని దగ్గరి విండోలోని రీడింగుల సగటు). డిఫ్ నడిపితే పాత ట్రైనింగ్ పిలిచే మొదటి కాపీలో రోలింగ్‌కు "సెంటర్ = ట్రూ" అని ఉంది. "ఫైనల్"లో లేదు. విండో 24 గంటలు. అంటే ఉదయం పది గంటల వరుసకు సగటు తీస్తే అందులో రాత్రి పది దాకా రాబోయే రీడింగులు కూడా కలుస్తున్నాయి. పంపు మధ్యాహ్నం రెండింటికి ఆగితే ఆ అదురు పొద్దున్నే ఫీచర్‌లో కూర్చుని ఉంది. ప్రశ్నపత్రం లీకైన పరీక్షలో 94 మార్కులన్నమాట.

ఎందుకలా జరిగిందో కూడా ఊహించగలను. సర్వీసులో రేపటి రీడింగులు ఉండవు, కాబట్టి చివరి 12 గంటల వరుసలన్నీ ఖాళీగా వచ్చి ఉంటాయి. ఆయన కాపీ తీసి అక్కడ సెంటర్ ఎత్తేశారు, ట్రైనింగ్ వైపు మార్చడం మర్చిపోయారు. నేను మూడూ ఒకటి చెయ్యడంతో బయటపడింది.

సర్వీసు లాగ్‌లలో మూడు నెలల అంచనాలు ఉంటే నిజంగా ఆగిన పంపులతో సరిచూశాను. 0.79! ఒకరకం ఫీచర్లతో నేర్చుకుని ఇంకోరకం ఫీచర్ల మీద పనిచేస్తోంది మరి. ఇదిలా ఉంటే వరుసలను ర్యాండమ్‌గా విడదీశారు, ఒకే పంపు రీడింగులు ఐదు నిమిషాల తేడాతో ఒకటి ట్రైన్‌లో, ఒకటి టెస్ట్‌లో. గ్రూప్ కే-ఫోల్డ్‌తో పంపులవారీగా విడదీస్తే నా 0.87 కూడా నిలబడలేదు, 0.82కి వచ్చింది.

ఈ అంకెలన్నీ లీడ్‌కు పంపాను. ఫోన్ చేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే మార్చిలో ఆగిన ఆ రెండు పంపులూ..." అని మధ్యలో ఆపేశారు.

ఇలాంటిది మళ్లీ దూరకుండా టెస్టు రాయడం ఎలా? సెంటర్ అనే మాట కోసం వెతకడం తప్ప నాకేమీ తోచట్లేదు.

నిదానం

మాట కోసం వెతికితే ఇంకో మాటలో వస్తుంది. ఒక పంపు డేటా తీసుకుని మొత్తం మీద ఫీచర్లు చెయ్యండి. తర్వాత అదే డేటాను మధ్యలో ఒక సమయం దగ్గర కోసేసి, ముందు ముక్క మీద మాత్రమే చెయ్యండి. కోసిన చోటు దాకా రెండు ఫలితాలూ అచ్చుగుద్దినట్టు ఉండాలి. తేడా వచ్చిందంటే ఏదో ఒక కాలమ్ రేపటి డేటా చూస్తోంది. పైటెస్ట్‌లో పది లైన్లు. సెంటర్ దొరుకుతుంది, తర్వాతి వరుసల విలువను లాగే మైనస్ షిఫ్ట్ దొరుకుతుంది, కాలమ్ మొత్తం సగటు తీసి వాడినా దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త: నాలుగైదు చోట్ల కోయండి, వాటిలో ఒకటి రీడింగులు రాక ఖాళీగా ఉన్న జాగా మధ్యలో పడాలి. లేకపోతే ఖాళీని తర్వాతి రీడింగుతో నింపే బ్యాక్‌ఫిల్ తప్పించుకుంటుంది. విభజన తప్పు ఈ టెస్టుకు చిక్కదు, దానికి ట్రైన్‌లోనూ టెస్ట్‌లోనూ ఉన్న పంపు ఐడీలు ఒక్కటీ కలవకూడదని విడిగా అసర్ట్ పెట్టుకోండి.

వరుసతప్పిన_సెల్

నా సీడ్ సలహా వృథా పోయింది గానీ ఈ కోసే టెస్టు ఇప్పుడే మా రెపోలో పెట్టుకుంటున్నా.

పాతకోడు_కాపలా

రాశాను. మొదటి కాపీ మీద నడిపితే ఎర్రగా వచ్చింది (ఫెయిలైంది), అనుకున్నదే. ధైర్యంగా "ఫైనల్" మీద కూడా నడిపాను. అదీ ఎర్రగానే వచ్చింది! ఒకే ఒక్క కాలమ్, బేరింగ్ ఉష్ణోగ్రత. సెన్సర్ మూగబోయిన గంటలను ఆ తర్వాత వచ్చిన రీడింగుతో నింపారు. బ్యాక్‌ఫిల్.

గడువు సోమవారానికి జరిపించుకున్నాను.