మాడ్లిన్, మాకిష్, శాకరిన్: వీటి మధ్య తేడా ఎలా పట్టుకోవాలి?

నమస్కారం. ఒక ఇంగ్లిష్ కథాసంపుటి మీద వచ్చిన సమీక్షను తెలుగు చేస్తున్నాను. అందులో మాడ్లిన్, మాకిష్, శాకరిన్, ష్మాల్ట్సీ అన్న నాలుగు మాటలూ ఉన్నాయి. ఏ నిఘంటువు చూసినా అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం, 'అతి భావుకత'. నాలుగు చోట్లా అదే రాయడానికి మనసొప్పడం లేదు.

నాకు తెలిసినంతలో మాడ్లిన్‌లో ఏడుపు ఉంది. బైబిల్లోని మేరీ మాగ్దలీన్ పేరు నుంచి వచ్చిన మాట అది. పాత వర్ణచిత్రాల్లో ఆమెను కన్నీళ్లతో చూపించేవారు. తాగిన మత్తులో తన మీద తనకే జాలి పుట్టి ఏడ్చేవాళ్ల గురించి ఎక్కువగా వాడతారు. మరి మనిషిని కాకుండా కథను మాడ్లిన్ అంటే, పాత్రలు ఏడుస్తున్నాయనా, పాఠకుణ్ణి బలవంతంగా ఏడిపిస్తోందనా? 'ఏడుపుగొట్టు' అందామంటే అందులో వెక్కిరింత ఎక్కువైపోతోంది.

అసలు చిక్కు మాకిష్, శాకరిన్‌లతో. శాకరిన్ చక్కెరకు సంబంధించిన మాట కాబట్టి మితిమీరిన తీపి అనుకుంటున్నాను. మాకిష్ మూలంలో పురుగు అనే అర్థం ఉంది, ఒకప్పుడు కడుపులో తిప్పే రుచికి కూడా వాడేవారు. రెండూ చివరికి వెగటుకే చేరుతున్నాయి. మాకిష్ అన్నప్పుడు ఆ భావం నకిలీదన్న ధ్వని కూడా ఉంటుందా?

ష్మాల్ట్సీ అన్నది యూదుల భాషల్లో ఒకటైన యిడ్డిష్‌లో కరిగించిన కొవ్వు నుంచి వచ్చింది. దానికి 'జిడ్డు' పెట్టాను, బాగానే కుదిరిందనిపిస్తోంది.

ఇంగ్లిష్ బాగా చదివేవాళ్లు ఒక్కో మాటకు ఒక్కో వాక్యం ఉదాహరణగా ఇస్తే చాలా మేలు చేసినవారవుతారు.