డాఫొడిల్ దుంపలు: నాటే రోజు పనులు, ఆ తర్వాతి డ్యూటీలు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. పార్కు గట్టు మీద 400 డాఫొడిల్ (వసంతంలో పూసే పూల మొక్క) దుంపలు నాటుకోవడానికి అనుమతి వచ్చేసింది. నేల చల్లబడ్డాక, గడ్డకట్టకముందు నాటాలి కాబట్టి అక్టోబరులో ఒక శనివారం పెట్టుకుందాం. నాటడానికి పేర్లు అవసరానికి మించి వచ్చాయి. డ్యూటీల పట్టికలో మే, జూన్ గడుల్లో మాత్రం ఒక్క పేరూ లేదు!

సామగ్రి బృందం:
అక్కా, ఎంత లోతు తవ్వాలి? చిన్న చేతిపారలు చాలా?

తోట బృందం:
చాలవు తమ్ముడూ. దుంప ఎత్తుకి మూడింతల లోతు, అంటే దాదాపు 15 సెంటీమీటర్లు. ఎడం కూడా అంతే పెడదాం. ఆ లెక్కన పది చదరపు మీటర్ల చోటు సరిపోతుంది. ఒక్కో దుంపకి ఒక్కో గుంట తీస్తూ కూర్చుంటే చీకటి పడిపోతుంది. పెద్ద పారలతో వెడల్పుగా తవ్వి, దుంపలు పరిచి, మట్టి కప్పేద్దాం. మొన పైకి ఉండాలి. మెత్తబడినవి, బూజు పట్టినవి ఏరేయండి. గట్టు కింద వాన నీళ్లు నిలిచే చోట వద్దు, కుళ్లిపోతాయి.

నాటాక ఒకసారి నీళ్లు పోస్తే చాలు. చలికాలమంతా మనకి పనేమీ ఉండదు. 12 నుంచి 16 వారాల చలి తగిలితేనే అవి సరిగా పూస్తాయి.

పిల్లల బృందం:
పిల్లల చేత నాటించొచ్చా అండీ?

తోట బృందం:
నాటించండి, కానీ గ్లవ్స్ తప్పనిసరి. రసం తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. దుంపలో లైకోరిన్ అనే విషం ఉంది, తింటే వాంతులే. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలు, అందుకని సంచులు భోజనాల బల్ల ఛాయలకి రాకూడదు. ఆ విషం పుణ్యమా అని ఉడుతలు, జింకలు మామూలుగా వాటి జోలికి పోవు. వల కొనక్కర్లేదు.

సమన్వయకర్త:
మరి మే, జూన్‌లో అసలు పనేంటో కూడా చెప్పండి. పూలు అయిపోయాక ఇంకేముంది అంటున్నారు.

తోట బృందం:
అసలు పని అప్పుడే! వచ్చే ఏడాది పూతకి కావలసిన ఆహారం ఆకులు తయారుచేసి దుంపలో దాచేది పూలు వాడాకే. కనీసం ఆరు వారాలు ఆకు ముట్టుకోకూడదు. పచ్చగా ఉండగానే కోసేస్తే మరుసటేడు ఆకులొస్తాయి, పూలు రావు. చూడ్డానికి బాలేదని ఆకుల్ని ముడేయడం, జడల్లడం కూడా వద్దు, ఎండ తగలదు. వాడిన పూల తలలు మాత్రం తుంచేయండి, లేకపోతే బలం విత్తనాలకి పోతుంది. మన భయమల్లా గడ్డి కోసే మిషనుతోనే. చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాలి, పార్కు సిబ్బందికి ముందే చెప్పాలి, వారానికొకరు వెళ్లి తాడు ఉందో లేదో చూడాలి. నాటే జట్టులోంచి ఆరుగురు ఇటు మారితే బాగుంటుంది. ఫొటోలు ఎటూ ఏప్రిల్‌లోనే దిగేస్తారుగా.

సామగ్రి బృందం:
మొదటి రెండు వారాలు నాకు రాయండి. కర్రలు నా దగ్గరున్నాయి. తాడు ఎవరు తెస్తారు?