అన్‌కెంప్ట్ ఉంది, మరి కెంప్ట్ ఏమైంది?

నమస్కారమండీ. విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. అన్‌, ఇన్‌, డిస్‌ ముందు చేరితే అర్థం తిరగబడుతుందని చెప్పాను. మల్కాపురం నుంచి వచ్చే అబ్బాయి ఆయిల్ ట్యాంకర్ మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని చూసి, ‘అంటే మండదా టీచర్?’ అన్నాడు. గుండె ఝల్లుమంది! అక్కడి ‘ఇన్‌’ లాటిన్‌లో ‘లోపలికి’ అనే అర్థానిదని, అది మండేదేనని వెంటనే చెప్పాను.

అన్‌కెంప్ట్ అంటే చిందరవందరగా ఉన్నది; అందులో కెంప్ట్ అంటే దువ్వినది. అన్‌కూత్ అంటే మోటైనది; అందులో కూత్ పాత ఇంగ్లిష్‌లో ‘తెలిసినది’. మూలపదాలు వాడుక తప్పాయి, సరే. మనమూ అసహ్యం అంటాం గానీ సహ్యం అనం కదా.

డిస్‌గ్రంటిల్డ్ (అసంతృప్తితో ఉన్న) దగ్గరే ఆగిపోయాను. గ్రంటిల్ అంటేనే గొణగడం. డిస్‌ దాన్ని కాదనకుండా ఇంకా పెంచిందెందుకు? ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి? ఈ రెండు రకాల ‘ఇన్‌’లనూ పిల్లలు గుర్తుపట్టే దారి ఉంటే దయచేసి చెప్పండి.