కాల్షియం హైడ్రాక్సైడ్‌కు బ్రాకెట్ ఎందుకు?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. తడి సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) ఫార్ములా బ్రాకెట్ లేకుండా సీఏఓహెచ్2 అని రాస్తే సగం మార్కు పోయింది. "అన్నీ ఉన్నాయిగా నాన్నా?" అంటోంది. సోడియం హైడ్రాక్సైడ్‌కు మాత్రం బ్రాకెట్ అక్కర్లేదట. ఎలా చెప్పాలండీ?

జవాబు (రిటైర్డ్ కెమిస్ట్రీ టీచర్): మార్కు సంగతి వదిలేయండి, పాపతో పరమాణువులు లెక్కపెట్టించండి. బ్రాకెట్ లేకపోతే ఆ 2 హైడ్రోజన్‌కే చెందుతుంది, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. కాల్షియం ఆవేశం +2, హైడ్రాక్సైడ్‌ది -1. అందుకే ఓహెచ్ మొత్తంగా రెండుసార్లు రావాలి. సోడియంది +1 కాబట్టి ఒక్కటి చాలు.

ప్రశ్న: చాలా థాంక్స్ సార్. మరి వేలన్సీలు (ఆ ఆవేశాల అంకెలు) అటూ ఇటూ మార్చి కింద రాస్తే మెగ్నీషియం ఆక్సైడ్‌కు ఎంజీ2ఓ2 వస్తోందే?

జవాబు (టీచర్): అది అయానిక సమ్మేళనం, అంటే ఆవేశం ఉన్న కణాలు (అయాన్లు) కలిసి ఏర్పడినది. అందులో అయాన్ల కనిష్ఠ నిష్పత్తే రాస్తాం, 2:2 కాస్తా 1:1 అవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మాత్రం అలా కుదించకూడదు. దాని అణువులో నిజంగానే రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు ఉంటాయి. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెప్పాలి.

మరో జవాబు: పటికతో ప్రాక్టీస్ చేయించండి, భలే ఉంటుంది. పొటాషియం +1, అల్యూమినియం +3, కలిపి +4. సల్ఫేట్ -2 కాబట్టి బ్రాకెట్లో పెట్టి రెండు. పక్కన చుక్క, ఆ తర్వాత 12 నీటి అణువులు. పటికను పెనం మీద వేడి చేస్తే బుసబుసా పొంగేది ఆ నీళ్లు ఆవిరవడం వల్లే.