పిలిస్తే రాని కుక్కతో ఎజిలిటీ: రాజాం తమ్ముడి ప్రశ్న, మనవాళ్ల జవాబులు

రాజాం నుంచి, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో:
అందరికీ నమస్తే. ఇక్కడికి కొత్తగా వచ్చాం. షెల్టర్ నుంచి రెండేళ్ల కోలీ (గొర్రెల్ని కాసే జాతి) క్రాస్‌ని తెచ్చుకున్నాం. ఇంట్లో బంగారం. పార్కులో లీష్ విప్పితే మాత్రం నేనెవరో దానికి తెలియనట్టే. ఆఫీసులో ఒకాయన ఎజిలిటీలో, అంటే కుక్కని జంప్‌లు, టన్నెల్‌లాంటి అడ్డంకుల మీదుగా పరిగెత్తించే ఆటలో, చేర్చమంటున్నారు. అక్కడ లీష్ లేకుండా పరిగెత్తించాలట, నాకు టెన్షన్. ముందు పిలిస్తే రావడం నేర్పి, ఆ తర్వాతే వెళ్లాలా?

పాలకొండ నుంచి, లీడ్స్‌లో:
తమ్ముడూ, అంతవరకూ ఆగక్కర్లేదు. కానీ క్లాసు వెతికేటప్పుడు ముందు కంచె చూడు, తర్వాతే కోచ్‌ని చూడు. చుట్టూ ఎత్తైన కంచె, మూసే గేటు ఉండాలి. తాడు కట్టి "ఇదే రింగు" అనే చోటికి ఇప్పుడే వద్దు. లాంగ్ లైన్ (పొడవాటి తాడు) కట్టి చేయిద్దామనుకుంటావేమో, అది జంప్‌కి రెండు పక్కలా ఉండే రెక్కలకీ టన్నెల్ పక్కన పెట్టే ఇసుక సంచులకీ చిక్కుకుంటుంది. ఎ-ఫ్రేమ్ (రెండు వైపులా వాలు పలకలు), డాగ్ వాక్ (ఎత్తులో ఉండే సన్నటి పలక) మీద అయితే కుక్క కిందపడే ప్రమాదం. అందుకే లైన్ పార్కుకి, కంచె ఎజిలిటీకి.

ఈ ఆట పుట్టింది ఈ దేశంలోనే. 1978లో క్రఫ్ట్స్ డాగ్ షోలో గుర్రాల జంపింగ్‌ని చూసి సరదాకి పెట్టారు. గుర్రానికైతే కళ్లెం ఉంది. ఇక్కడ పోటీలో కుక్కని ముట్టుకోకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. నీ ఒళ్లూ నీ గొంతూ, అంతే.

అసలు సంగతి ఇక్కడే ఉంది. కుక్క రెండు జంప్‌లు దాటి, హఠాత్తుగా ముక్కు నేలకి ఆనించి వాసన చూసుకుంటూ పక్కకి పోతుంది. మనం "మొండిది" అనేస్తాం. దానికి కాస్త ముందు ఏం జరిగిందో చూడు. నోటితో "టన్నెల్" అన్నావు, నీ పాదాలు, భుజాలు మాత్రం జంప్ వైపు తిరిగి ఉన్నాయి. కుక్క మాట కంటే ఒంటి తీరునే ముందు నమ్ముతుంది. నీ మొహం చూసింది, గిర్రున తిరిగింది, మొరిగింది, ఇక అర్థం కాక గడ్డిలోకి పోయింది. చాలాసార్లు అది పారిపోవడం కాదు, కంగారు. అప్పుడు అరిస్తే ఆ కంగారు ఇంకా పెరుగుతుంది. మొత్తం కోర్సు వద్దు. కర్ర నేలమీదే పెట్టిన ఒక జంప్, ఒక టన్నెల్. చికెన్ ముక్క. లీష్ తగిలించు, పక్కకి తీసుకెళ్లు. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనే కోచ్ అయితే నాకు నచ్చదు.

ఇక పార్కు. మన ఊళ్లో వీధి కుక్కకి పిలిస్తే రావాలని ఎవరు నేర్పారు? అన్నం వేళకి అదే గుమ్మం ముందుకొస్తుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా పేరు పెట్టి గట్టిగా అరుస్తాం. పేరు రోజంతా వాడి వాడి అరిగిపోయింది కాబట్టి ఒక విజిల్ కొను. ముందు ఇంట్లో విజిల్, వెంటనే చికెన్. తర్వాత పెరట్లో. ఆ తర్వాతే పార్కులో, పది మీటర్ల లైన్‌తో. లైన్ హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తగిలించు, కాలర్‌కి కాదు, మెడ గుంజుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టి మళ్లీ వదిలెయ్. ఇంటికెళ్లేటప్పుడే పిలిస్తే, పిలుపంటే ఆట అయిపోయిందనే అర్థమవుతుంది దానికి. రాకపోతే వెంటపడకు, ఎదురు దిక్కుకి పరిగెత్తు.

బొబ్బిలి నుంచి, కంబ్రియాలో:
అన్న గొర్రెల సంగతి వదిలేశారు! అదీ కోలీ క్రాస్‌ అంటున్నావు. గొర్రెలున్న పొలంలో కుక్క లీష్ లేకుండా, అదుపు తప్పి తిరిగితేనే నేరం, కరవక్కర్లేదు. 1953 నాటి చట్టం. మందని కాపాడుకోవడానికి రైతు కుక్కని కాల్చినా, కొన్ని సందర్భాల్లో చట్టం అతని వైపే ఉంటుంది. మనూళ్లో గొర్రెల కాపరి కర్ర చూపించి తిట్టి వదిలేస్తాడు, అలా అనుకోవద్దు. విప్పి పరిగెత్తించాలనుంటే గంటల లెక్కన అద్దెకిచ్చే కంచె వేసిన ఫీల్డులు ఉన్నాయి, అవి బుక్ చేసుకో.

బయటికెళ్తే కాలర్ మీద నీ పేరు, అడ్రసు ఉండాల్సిందే. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ షెల్టర్ వాళ్లు వేసే ఉంటారు, అందులో నీ అడ్రసు, ఫోన్ నంబరు ఎక్కాయో లేదో ఇవాళే చూసుకో.

టెక్కలి నుంచి, బ్రాడ్‌ఫర్డ్‌లో:
చికెన్ అన్నారు కదా, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించింది మాత్రమే బాబూ. కూరలోంచి తీసి పెట్టొద్దు, ఉల్లిపాయ కుక్కకి విషం. పరమాన్నంలో కిస్‌మిస్ కూడా అంతే. ఇంటికి పెద్దవాళ్లు వస్తుంటే వాళ్లకీ చెప్పి ఉంచు, ప్రేమకొద్దీ పెట్టేస్తారు.

రాజాం:
చాలా థాంక్స్. పోటీలకి ఆలస్యమైపోతుందా?

పాలకొండ:
కెన్నెల్ క్లబ్ (ఇక్కడి పెద్ద కుక్కల సంస్థ) పోటీల్లో 18 నెలలు నిండితేనే రానిస్తారు, నీదానికి నిండాయి కదా, తొందరేమీ లేదు. ముందు కోచ్‌కి మెయిల్ రాయి: "మా కుక్క పిలిస్తే నమ్మకంగా రాదు. ఒకరోజు కుక్క లేకుండా వచ్చి క్లాసు చూడొచ్చా?" అని. ఒద్దన్న చోట చేరకు.